మెల్లగా నడిచినప్పుడే వచ్చే చప్పుడు

నార్వేలో, బెర్గెన్ రేవు వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న హల్వర్ ట్వెయిట్ ఆఫీసుకి ఆ ఉదయం వచ్చిన ఆవిడ తడిసిన కోటు విప్పలేదు, కుర్చీలో కూర్చోలేదు. డెబ్బై దాటిన మనిషి. చేతిసంచీని పొట్టకి అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

“నా పడవని ఎవరో పాడుచేశారండీ. పోలీసులకి చెబితే నవ్వారు. మీరూ నవ్వేట్టయితే ఇప్పుడే చెప్పండి, పదకొండింటి పడవకి తిరిగి వెళ్ళిపోతాను.”

హల్వర్ నవ్వలేదు. ఇరవయ్యేళ్ళు పడవ ప్రమాదాల తనిఖీ చేసి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్న మనిషి ఆయన. సహాయకురాలు సివ్ కాఫీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. అప్పుడు ఆవిడ కూర్చుంది.

పేరు బోర్గిల్డ్. భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఆ చిన్న ద్వీపం మీద ఉన్నది ఒక్క ఇల్లు, అందులో ఆవిడ ఒక్కతే. ఒంటి సిలిండరు డీజిల్ పడవ మీద వారానికి రెండుసార్లు కొట్టుకి వెళ్ళి వస్తుంది. ఎండాకాలంలో ఇంజను మొత్తం విప్పించి మళ్ళీ కట్టించింది. మూడు వారాలు కుట్టుమిషనులా నడిచింది. ఆ తర్వాత తుంటి నొప్పికి ఆసుపత్రిలో రెండు రోజులుండి వచ్చి పడవ తీసేసరికి లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు.

“మా మరిది కొడుకు టెర్యే బేరింగు పోయిందంటున్నాడు. ‘నడిమధ్యలో ఆగిపోతుంది పెద్దమ్మా, అమ్మేయ్’ అని కొనేవాడిని కూడా తెచ్చాడు. సోమవారం సంతకం పెట్టాలట. పడవ లేకపోతే నేనక్కడ ఎలా ఉంటానండీ? పట్నంలో నాకు గది చూశాడు. కిటికీ తీస్తే ఎదురుగా గోడ.”

“మీకెవరి మీద అనుమానం?”

“అనుమానించడానికి మనుషులుండాలి కదండీ. నాకున్నది ముగ్గురే.” వేళ్ళు ముడిచింది. “టెర్యే. ఇంజను కట్టిన యోస్టెయిన్. జలసంధి అవతల ఒడ్డున ఉండే ఆర్న్‌ఫిన్ గారు. ఆసుపత్రికి పెద్ద పడవ ఎక్కేది ఆయన రేవులోనే. నా పడవ ఆ రెండు రోజులూ అక్కడే కట్టి ఉంది.”

శుక్రవారం మధ్యాహ్నానికి హల్వర్, సివ్ ఆమె పడవలో ఉన్నారు. హల్వర్ ఒక చీపురుకర్ర అడిగి తీసుకుని, ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. మెల్లగా నడుస్తున్నంతసేపూ టక్, టక్ మంటూ బరువైన చప్పుడు. గేరు వేసి వేగం పెంచగానే అది మాయమైంది. తగ్గించగానే మళ్ళీ వచ్చింది. ఆయన డీజిల్ పంపు మీటని ఒక్క క్షణం ఎత్తి పట్టుకున్నాడు. సిలిండరులో మంట ఆగిపోయింది. చప్పుడు మాత్రం ఆగలేదు.

“దీన్నిబట్టి ఏం తెలిసింది సార్?” అంది సివ్.

“పిస్టను కడ్డీ బేరింగు పోతే చప్పుడు పిస్టను తోపుతో వస్తుంది. మంట ఆపితే తోపు ఉండదు, చప్పుడు తగ్గాలి. ఇది తగ్గలేదు. బరువు పడితే మాత్రం తగ్గుతోంది.”

ఇంజను ఆపి, ముందున్న బరువైన ఫ్లైవీల్ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. వెంట్రుకవాసి కదిలింది. సివ్ చెయ్యి కూడా చక్రం మీద పెట్టించి మళ్ళీ ఆడించాడు. సివ్‌కి ఆయన పనితీరు ఎప్పుడూ ఇష్టమే. అందులోకి తనని కూడా రానిచ్చినట్టు ఉంటుంది.

యోస్టెయిన్ షెడ్డుకి వెళ్ళే దారిలో జలసంధి బాగా ఇరుకైన చోట, నీళ్ళలో రాళ్ళుండడంతో బోర్గిల్డ్ వేగం తగ్గించింది. ఒడ్డున ఉన్న ఒకే ఒక్క ఇల్లు ఆర్న్‌ఫిన్‌ది.

యోస్టెయిన్ తన షెడ్డు గుమ్మంలోనే కస్సుమన్నాడు.

“నా చేత్తో కట్టిన ఇంజనండీ! అది కొట్టుకుంటే పరువు పోయేది నాది. ఆ రెండు రోజుల్లో వెళ్ళాను, ఆయిలు చూశాను, వచ్చేశాను. ఆ ఆర్న్‌ఫిన్ ముసలాయనే సాక్షి. ఆయన మాట ఎవరు నమ్ముతారులెండి!”

“ఎందుకు నమ్మరు?”

“అంతకు వారం ముందు రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేశాడు. బోర్గిల్డ్ గారు ఎన్నాళ్ళనించో ఇటు రాలేదు, ఏదో అయిందని. తీరా వాళ్ళొచ్చేసరికి ఆవిడ కొట్లో బంగాళాదుంపలు ఏరుకుంటోంది! వెళ్ళింది కూడా ఆయన ఇంటి ముందు నించే. ఊరంతా ఒకటే నవ్వు.”

టెర్యే బ్యాంకు ఉద్యోగి. బూట్లకి బురద అంటకుండా రేవు మీద నడుస్తూ జవాబులు చెప్పాడు. “పెద్దమ్మ దుప్పటి మర్చిపోతే పడవలోంచి తీసుకెళ్ళి ఆసుపత్రిలో ఇచ్చాను. ఇంజను జోలికి నేనెందుకు పోతాను? నాకు సైకిలు గొలుసు పెట్టడమే రాదు. ఆవిడ అక్కడ పడిపోతే వారం దాకా ఎవరికీ తెలీదండీ. నన్ను దొంగలా చూడకండి.”

ఆర్న్‌ఫిన్ వాళ్ళకి కాఫీ పోశాడు. చూపుడువేలు కప్పు అంచు మీద పెట్టుకుని, వేలికి వేడి తగిలాక ఆపాడు. ఎనభై ఏళ్ళ మనిషి. యాభై ఏళ్ళు అలాంటి ఇంజను మీదే చేపలు పట్టాడు.

“ఆవిడ వచ్చిపోవడం గమనిస్తుంటారా?” అన్నాడు హల్వర్.

“గమనించకేం? పోయిన గురువారం పది దాటాక వెళ్ళారు, ఒంటిగంటకి తిరిగొచ్చారు. సోమవారం గాలి ఎక్కువ, అయినా వెళ్ళారు. మొండి మనిషి.”

“ఆసుపత్రికి వెళ్ళకముందో?”

ముసలాయన కాఫీ తాగాడు. “అప్పటివి గుర్తులేవు,” అన్నాడు.

బయటికొచ్చాక సివ్ గుసగుసగా అంది. “నేను చక్కెర అందించాను సార్. ఆయన నా చెయ్యి చూడలేదు.”

“చూశావుగా నువ్వు,” అన్నాడు హల్వర్. సివ్‌కి ఆ సాయంత్రం దాకా ఆ మాట చాలింది.

ఆదివారం ఉదయం బోర్గిల్డ్ వంటింట్లో అందరూ చేరారు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. మిగతావాళ్ళు చెక్కపెట్టెల మీద సర్దుకున్నారు. ఆర్న్‌ఫిన్‌ని టెర్యే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బోర్గిల్డ్ భర్త అంత్యక్రియల తర్వాత ఆయన ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే.

హల్వర్ బల్ల మీద చిటికెనవేలంత ఇనుపముక్క పెట్టాడు.

“ఫ్లైవీల్‌ని షాఫ్టు మీద జారకుండా ఆపేది ఇదే. మెకానిక్కులు దీన్ని కీ అంటారు. నిన్న యోస్టెయిన్, నేను కలిసి తీశాం. రెండు పక్కలా ఆకురాయితో అరగదీశారు. పైన నట్టు కూడా కాస్త వదులు చేశారు. అందుకే మెల్లగా నడిస్తే చక్రం ఊగి కొట్టుకుంటోంది. వేగం మీద బరువు పడితే ఒకవైపుకి ఒత్తుకుని ఊరుకుంటోంది. బేరింగు భేషుగ్గా ఉంది.”

“ఎవరు చేశారు?” అంది బోర్గిల్డ్. ఆమె చూపు టెర్యే మీద ఉంది.

“ఈ పనికి చేతులు కావాలి, టెర్యేకి అవి లేవు. యోస్టెయిన్‌కి ఉన్నాయి గానీ, తన పేరు తనే చెడగొట్టుకోడు. మరి ఈ చప్పుడు ఎవరికి కావాలి? ఇక్కడ ప్రతి పడవనీ చెవులతోనే గుర్తుపడతారు. పాత ఇంజను చప్పుడు అవతలి ఒడ్డుకి వినిపించేది. కొత్తగా కట్టాక అది వినపడడం మానేసింది. కళ్ళు కనిపించే మనిషైతే కిటికీలోంచి చూసుకుంటాడు. కనిపించని మనిషి, చప్పుడు లేదంటే మనిషే లేదనుకుంటాడు. రెస్క్యూ వాళ్ళని పిలుస్తాడు, నవ్వులపాలవుతాడు. తన ఇంటి ముందు ఆవిడ పడవ మెల్లగా వెళుతుందని ఆయనకి తెలుసు. అందుకే మెల్లగా నడిచినప్పుడు వచ్చే చప్పుడే పెట్టాడు.”

అందరి తలలూ ఆర్న్‌ఫిన్ వైపు తిరిగాయి.

“గంటన్నర పట్టింది,” అన్నాడు ఆర్న్‌ఫిన్. “కొంచెమే అరగదీశాను. తెగదనుకున్నాను.”

“తెగేదే,” అన్నాడు హల్వర్. గొంతు పెంచలేదు. “సందు రోజురోజుకీ పెరుగుతుంది. ఏ గాలిరోజునో కీ తెగితే ఇంజను ఆగి, ఆవిడ ఆ రాళ్ళ మీదికే కొట్టుకొచ్చేది. అప్పుడు మీకు ఏ చప్పుడూ వినపడేది కాదు.”

ముసలాయన తల దించుకున్నాడు. “ఆ మూడు వారాలూ రోజూ రేవు మీద కూర్చున్నాను. ఏమీ లేదు. అడుగుదామంటే... ఇన్నేళ్ళలో మనం ఏం మాట్లాడుకున్నాం గనక?”

టెర్యే గొంతు సవరించుకున్నాడు. “పెద్దమ్మా, చూశావుగా ఎంత ప్రమాదమో. రేపు సంతకం...”

“కొత్త కీ వేశావా యోస్టెయిన్?” అంది బోర్గిల్డ్.

“వేశానండీ. నట్టు కూడా బిగించాను. ఇక ఊపిరి పీల్చినంత మెత్తగా నడుస్తుంది.”

“అయితే రేపు నేను కొట్టుకి వెళుతున్నాను. టెర్యే, నువ్వు ఆ కొనేవాడికి ఫోన్ చెయ్యి.”

లేచి, ఆర్న్‌ఫిన్ ముందు ఖాళీగా ఉన్న కప్పులో కాఫీ పోసింది.

“మీరు చేసింది నేను అంత తేలిగ్గా మర్చిపోనండీ,” అంది. “కానీ రేపు పదింటికి మీ రేవులో ఆగుతాను. మీరు బయటికొచ్చి తాడు అందుకోవాలి. విసిరేముందు చెబుతాను. పదిన్నర దాకా తాడు మీ చేతికి రాలేదంటే, అప్పుడు ఎవరు నవ్వినా సరే, ఫోన్ చెయ్యండి.”

ఆర్న్‌ఫిన్ వేలితో కప్పు అంచు వెతుక్కున్నాడు. “ఏ వైపు నించి విసురుతారు?” అన్నాడు.

“ఎడమ.”

“ఎడమ,” అని ఆయన మళ్ళీ అనుకున్నాడు, మర్చిపోకుండా.