సబ్‌వూఫర్ వెనక గోడ

పాట ఆగితే బోటు పేలిపోతుంది.

ఆ సంగతి బోటు మీద ఇద్దరికే తెలుసు. ఒకామె డెక్ మీద నవ్వుతూ డ్యాన్స్ చేస్తోంది. రెండోవాడు కింద కేబిన్‌లో మోకాళ్ళ మీద కూర్చుని సీటు కుషన్లు పీకుతున్నాడు.

అతన్ని అందరూ స్టీరియో అంటారు. బోట్లకి మ్యూజిక్ సిస్టమ్‌లు బిగించే వర్క్‌షాపులో మెకానిక్. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఒక నంబరు ఉంది కానీ, రెండేళ్ళుగా ఎవరూ ఆ నంబరుతో పిలవలేదు. వర్క్‌షాపు అతని అక్క భర్తది. గుట్టు దాచుకోవడానికి కొత్త కవర్ జాబ్ కావాల్సి వచ్చినప్పుడు, "ఉద్యోగం పోయింది బావా" అని వెళ్ళి నిలబడితే, ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చేతికి టెస్టర్ ఇచ్చాడు. బావ ఫైబర్‌గ్లాస్ పెట్టెలు పోస్తాడు. బావమరిది వాటిలో స్పీకర్లు బిగిస్తాడు.

ఈ బోటు డెక్ మీద డ్యాన్స్ చేస్తున్న ఆమెది. కోడ్ పేరు ముత్యం. విదేశీ ముఠా ఆమె తమ మనిషి అనుకుంటోంది. డిపార్ట్‌మెంట్ కూడా ఆమె తమ మనిషే అనుకుంటోంది. ఇవాళ్టి విందుకి ముఖ్య అతిథి ఒక ప్రొఫెసర్. నేవీ కోసం ఆయన ఆలోచించిన, సందేశాల్ని రహస్య లిపిలోకి మార్చే సైఫర్ మెషీన్ ఇంకా కాగితం మీదకి రాలేదు, తలలోనే ఉంది. ఆ తల పోతే మెషీన్ పోయినట్టే.

కాసేపటి క్రితం ముత్యం కేబిన్ గుమ్మంలోకి వచ్చి, "పాటలో బాస్ కొంచెం తగ్గినట్టుంది" అంది. అది ప్రమాదానికి కోడ్.

"చూస్తాను మేడమ్."

ఆమె గ్లాసు అందుకునే వంకతో వంగింది. "బాంబు స్పీకర్లలో ఉంది. శబ్దం వస్తున్నంతసేపూ ఊరుకుంటుంది. పాటకీ పాటకీ మధ్య గ్యాప్‌ని ఓర్చుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు నిశ్శబ్దమైతే అందరం పోతాం. ప్రొఫెసర్ స్పీచ్‌కి ముందే చిన్న పడవలో దిగిపొమ్మని వాళ్ళ మనిషి ఇప్పుడే ఫోన్ చేశాడు."

"మరి మీరు దిగలేదే?"

"హీల్స్‌తో పడవ ఎక్కలేను" అని ఆమె పైకి వెళ్ళిపోయింది.

స్టీరియో చేతిలోని స్క్రూడ్రైవర్ పిడిలో మైకు ఉంది. చెవిలో బఠాణీ గింజంత ఇయర్‌పీస్. అందులో డిపార్ట్‌మెంట్ పెద్దాయన గొంతు, ఎప్పటిలాగే నిద్రలోంచి లేచినట్టు.

"అందర్నీ దించేయ్."

"ఇరవైమంది ఉన్నారు సార్. పడవలో పట్టేది ముగ్గురు. సంగతి తెలిసి కంగారులో ఎవడైనా స్విచ్ కట్టేస్తే అంతే."

"అయితే ఎక్కడుందో తెలుసా?"

"తెలుసనుకుంటాను."

బోటులో మొత్తం నాలుగు పెట్టెలు. మూడింటిలో మామూలు స్పీకర్లు. నాలుగోది కేబిన్ సీటు కింద, బాస్ కొట్టే పెద్ద స్పీకర్ సబ్‌వూఫర్‌ది. పొద్దున ట్యూన్ చేస్తున్నప్పుడే దాని శబ్దం అతనికి నచ్చలేదు. పెట్టె బయటి కొలతకి బాస్ ఇంకా లోతుగా, తీరిగ్గా రావాలి. ఇది గట్టిగా, పొట్టిగా కొడుతోంది. అంటే లోపల చోటు తక్కువ. బావ ఫోమ్ కుక్కి ఉంటాడులే అనుకుని వదిలేశాడు. పెట్టెని తీసి సముద్రంలో పారేద్దామంటే కుదరదు. దాన్ని బోటు గోడతో కలిపి పోసేశారు.

అతను బాస్ ఇంకాస్త పెంచాడు. ఆ చప్పుడు మాటున సబ్‌వూఫర్ విప్పి పక్కన పెట్టి, వైర్లు మాత్రం కలిపే ఉంచాడు. లోపల టార్చి వేశాడు. ఉండాల్సిన దానికంటే జానెడు ముందే ఒక గోడ.

బ్యాటరీ కట్టర్ ఆన్ చేసి గోడ మూల మీద పెట్టాడు. తర్వాతెప్పుడో ఎవరో వచ్చి అతికించిన గోడైతే, అంచు తెగగానే రేకులా లేచి వచ్చేస్తుంది. ఎండిపోయిన ఫైబర్ మీద కొత్త రెసిన్ జిగురు అతుక్కుంటుందే తప్ప కలవదు. మొదటి నెలలోనే బావ నేర్పిన పాఠమది.

ఇది లేచి రాలేదు. గోడా పెట్టే ఒకటే ఒళ్ళు. తడి ఆరకముందే తడి మీద తడి వేసి, ఒకేసారి పోసింది.

స్టీరియో కట్టర్ ఆపాడు. ఫైబర్ దుమ్ము మోచేతుల దాకా పట్టింది. మామూలుగా అయితే రెండ్రోజులు గోక్కుంటాడు. ఇప్పుడు దురద లేదు. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. చేతులు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉన్నాయి. ఆ చేతులే స్క్రూడ్రైవర్ పిడి తిప్పి మైకు కట్టేశాయి. ఆ చేతులే ఫోన్ తీశాయి.

"బావా, సీటు కింద పెట్టెలో గోడ ఎక్కడ కొయ్యాలి?"

అవతల పంపు తిరుగుతున్న చప్పుడు. తర్వాత అదీ ఆగింది.

"ఎక్కడున్నావురా నువ్వు?"

"బోటు మీద."

"ఇవాళ అక్క భోజనానికి రమ్మంది, ఎటూ వెళ్ళకు అని నిన్ననే చెప్పాను కదరా. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను."

"చెప్పావు."

"దూకెయ్. నీకు ఈత వచ్చు కదా."

"ఇక్కడ ఇరవైమంది ఉన్నారు బావా. అందరికీ ఈత వచ్చేమో నాకు తెలీదు."

"వాళ్ళ సంగతి నీకెందుకురా? వైర్లు పీక్కునేవాడివి. అసలెవడివిరా నువ్వు?"

"నీ బామ్మర్దిని. ఎక్కడ కొయ్యాలి?"

పైన పాట అయిపోయింది. ఒక చిన్న ఖాళీ. ఇద్దరూ ఆ ఖాళీని విన్నారు. ఇంకో పాట మొదలైంది.

"ఎడమ పక్కన" అన్నాడు బావ. గొంతు పనిలో ఉన్నప్పటిలా మారిపోయింది. "కింది అంచుకి నాలుగు వేళ్ళు పైన. అక్కడ రెండు పొరలే వేశాను. బ్లేడు లోతుగా దించకు. గీతలా లాగు."

స్టీరియో లాగాడు. ముక్క ఊడి వచ్చింది. లోపల బూడిద రంగు పెట్టె, దాని పక్కన రెండు ప్లగ్గులు.

"పసుపుది లాగెయ్. నల్లది ముట్టుకోకు."

"ఎందుకు చేశావు బావా?"

"ఇప్పుడా అడిగేది? ముందు లాగు."

పసుపు ప్లగ్గు కదల్లేదు. టార్చి దగ్గరగా పెట్టి చూశాడు. గోడ పోస్తున్నప్పుడు కారిన రెసిన్ బొట్టు ఒకటి ప్లగ్గు మీద పడి గాజులా గట్టిపడింది.

"రెసిన్ పడింది. అతుక్కుపోయింది."

"నా పనిలో బొట్టు కారదే" అన్నాడు బావ. ఆ మాటలో నొచ్చుకోవడం నిజంగానే ఉంది.

పైన ప్రొఫెసర్ గొంతు. "అమ్మా, ఈ డబడబలు కాస్త ఆపిస్తావా? రెండు ముక్కలు మాట్లాడి కూర్చుంటాను."

"ఇంకొక్క పాట, ప్రొఫెసర్‌గారూ. నాతో డ్యాన్స్ చేయలేదు మీరు" అంది ముత్యం.

"నా మోకాళ్ళు ఒప్పుకోవమ్మా. ఈ స్విచ్చేనా?"

పాట ఆగిపోయింది.

అలలు బోటుని తట్టే చప్పుడు వినిపించింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా" అన్నాడు ప్రొఫెసర్.

స్టీరియో ప్లయర్ కొనని రెసిన్ బొట్టు మీద పెట్టి నొక్కాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. బూడిద పెట్టెలో ఏదో టిక్కుమంది. బొట్టు పగిలి పెంకు కంటి పక్కన తగిలింది. ప్లగ్గు ఊడి చేతిలోకి వచ్చింది.

"నేను ఎక్కువసేపు మాట్లాడను" అంటున్నాడు ప్రొఫెసర్ పైన.

ఏమీ జరగలేదు.

"వచ్చిందా?" ఫోన్‌లో బావ.

"వచ్చింది."

"అక్కకి చెప్పకు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ప్రొఫెసర్ చాలాసేపే మాట్లాడాడు. చప్పట్లు మొదలయ్యాక స్టీరియో మైకు ఆన్ చేశాడు.

"సేఫ్ సార్."

"మైకు ఎందుకు కట్టేశావు?"

"చేతులు ఖాళీ లేవు."

పెద్దాయన దాన్ని పట్టించుకోలేదు. "బోటు జెట్టీకి తిప్పించు. మన వాళ్ళు ఉన్నారు. దిగగానే ముత్యాన్ని ఎత్తేస్తారు."

"ఆమె హెచ్చరించబట్టే బతికాం సార్."

"తెలుసు కాబట్టే హెచ్చరించింది. ఆఖర్లో భయపడి ప్లేటు ఫిరాయించింది. బోటు ఆమెది, పార్టీ ఆమెది, పాటలు ఆమెవి. వర్క్‌షాపు నుంచి వచ్చాక బోటు వారం రోజులు ఆమె దగ్గరే ఉంది. ఎవడినో పిలిచి పెట్టె కోయించి, లోపల దాచి, మళ్ళీ మూయించింది. అంతే కేసు. రాత్రికి ముఠాకి కూడా ఆమె సంగతి తెలిసిపోతుంది. మన లాకప్పులో ఉన్నా ఎన్నాళ్ళు బతికుంటుందో చెప్పలేను."

ముత్యం కేబిన్ మెట్ల మీదకి వచ్చి కూర్చుంది. చెప్పులు విప్పి మడమలు నొక్కుకుంటోంది. అతని ముఖం చూసి, చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని ఆమెకి అర్థమైంది. ఏం మాట్లాడుతున్నారో కూడా అర్థమైనట్టే ఉంది. వంగి నేల మీద ఫైబర్ పెంకుల్ని ఒకచోటికి చేర్చింది.

ఫోన్ వెలిగింది. అక్క నుంచి మెసేజ్.

'మీ బావ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకడు. మీ ఇద్దరికీ ఏమైనా గొడవ అయిందా?'

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. ఏదైనా అనిపిస్తుందేమోనని చూశాడు. కంటి పక్కన పెంకు తగిలిన చోట మాత్రం కొంచెం మంట.

"వింటున్నావా?" అన్నాడు పెద్దాయన.

"తర్వాత మూసింది కాదు సార్. తర్వాత మూస్తే కోసినప్పుడు రేకులా లేస్తుంది. గోడ కూడా పెట్టెతోపాటే పోశారు. ఒకే రోజు, ఒకే చెయ్యి."

"ఆ చెయ్యి ఎవరిది?"

"వర్క్‌షాపు ఓనరుది."

ఇయర్‌పీస్‌లో కాగితాలు తిరిగాయి. "ఆయన్ని మనమే వెరిఫై చేశాం. నిన్ను అక్కడ పెట్టే ముందు క్లీన్ అని సంతకం చేసింది నేనే. నీ కవర్ స్టోరీలో మనిషి ఆయన. ఊరికే ఓనరంటే కుదరదు. కాగితం మీద పెట్టాలి. ఎవరు ఆయన? గట్టిగా చెప్పు."

ముత్యం తలెత్తి చూసింది. బోటు మలుపు తీసుకుంది. పెంకులు మళ్ళీ నేలంతా జారాయి.

"మా బావ" అన్నాడు స్టీరియో.