తప్పు చేసినవాళ్ళు లేచి నిలబడాలి

శనివారం ఉదయం ఏడు గంటలకు ఒడెట్ ఎప్పటిలాగే పొయ్యి దగ్గర నిలబడి అట్లు పోస్తోంది. కిటికీ బయట మార్చి నెల మంచు మురికిపట్టి వాకిలి అంచున గట్టులా గడ్డకట్టి ఉంది. కూతురు జనీన్ కాఫీ తాగుతోంది. అల్లుడు వెండెల్ ఫ్రిజ్ ముందు నిలబడి, తలుపు మీద అంటించిన కాగితాన్ని చదువుతున్నాడు.

ఆ కాగితం టాఫీ కోసం రాసినది. టాఫీ అంటే పదకొండేళ్ళ మనవరాలు మార్గో పెంచుకుంటున్న గోధుమరంగు కుందేలు. వయసు మీదపడితే ఆడ కుందేళ్ళకు గర్భసంచిలో క్యాన్సర్ రావచ్చని డాక్టరు హెచ్చరించడంతో, గురువారం నాడు ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చారు. ఎవరు ఏ పూట మందు వేయాలి, ఎంత మేత తిన్నది, ఎన్ని పెంటికలు వేసింది, అన్నీ నమోదు చేయడానికి వెండెల్ గడులు గీశాడు. డాక్టరు చెప్పిన జాగ్రత్తలను పైన పెద్ద అక్షరాలతో రాశాడు. ఒడెట్ అందులోని రెండు అక్షరదోషాలను ఎర్ర పెన్సిలుతో దిద్దింది. రాసిన విషయాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

"కుట్లు పడ్డ కడుపును ఒకరోజు ఖాళీగా ఉంచాలి. ఏడు కుక్కలకు సేవ చేసినదాన్ని, నాకు ఒకరు చెప్పనక్కరలేదు" అంది ఆనాడు.

"కుందేలు కుక్క కాదు టీచర్" అన్నాడు వెండెల్. "దానికి వాంతి రాదు. పేగు కదలడం ఆగిందంటే ప్రాణం పోతుందట. తింటూనే ఉండాలన్నారు."

"మీరు బస్సు నడుపుకోండి వెండెల్ గారూ."

వెండెల్ ఆమెను ఇంకా టీచర్ అనే పిలుస్తాడు. చర్చి వెనక కన్యాస్త్రీలు నడిపిన బడిలో ఒడెట్ ముప్పై ఎనిమిదేళ్ళు మూడో తరగతికి పాఠాలు చెప్పింది. ఆ తరగతిలో వెండెల్ కూడా ఒక ఏడాది కూర్చున్నాడు. ఎవరో రాయి విసిరి కిటికీ అద్దం పగలగొట్టిన రోజున ఆమె తన అలవాటు మాట అంది: "తప్పు చేసినవాళ్ళు లేచి నిలబడాలి." వెండెల్ లేచాడు. ఆ నిలబడ్డ కుర్రవాణ్ణి ఆమె ముప్పై ఏళ్ళయినా మరచిపోలేదు. విడాకులు తీసుకున్న కూతురు రెండేళ్ళ క్రితం అతణ్ణే చేసుకుంటానన్నప్పుడు, "అద్దాలు పగలగొట్టేవాడు" అని ఒక్క మాట అని ఊరుకుంది.

లోపలి గదిలోనుంచి మార్గో గొంతు వినబడింది. "అమ్మా, ఒకసారి రా. టాఫీ మూలన నక్కింది. పళ్ళు నూరుతోంది."

ముగ్గురూ వెళ్ళారు. కుందేలు వీపు ఉండచుట్టుకుని, కళ్ళు సగం మూసి గోడకు అతుక్కుని ఉంది. ముందు పెట్టిన కొత్తిమీర పెట్టినట్టే ఉంది. ఇసుక పళ్ళెంలో ఒక్క పెంటిక కూడా లేదు.

"రాత్రినుంచి ఏమీ వెయ్యలేదు" అంది మార్గో. ఆ పిల్ల ఏడవడం లేదు. ఏడుపు కంటే అదే కష్టంగా ఉంది చూడడానికి.

గుమ్మంలో నిలబడిన ఒడెట్‌కు నిన్నటి పగలు గుర్తుకొచ్చింది. అందరూ పనికీ బడికీ వెళ్ళగానే ఆమె బుట్టలోని ఎండుగడ్డి అంతా తీసివేసి, ఆకుకూర తీసివేసి, కుందేలు కడుపుకు విశ్రాంతి ఇచ్చింది. మధ్యాహ్నం సిరంజితో పట్టవలసిన జావ పట్టలేదు. కాగితంలో తన గడిలో టిక్కు పెట్టింది. పిల్ల బడినుంచి వచ్చే వేళకు కొత్త గడ్డి నింపింది. ఆ టిక్కు పెట్టేటప్పుడు అది అబద్ధమని ఆమెకు తోచలేదు. తెలియనివాళ్ళ గొడవ తప్పించుకునే తెలివి అనుకుంది.

పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చింది. ఆమె వంటింట్లోకి నడిచింది.

పక్క ఊళ్ళో శనివారం తెరిచి ఉండే పశువైద్యశాలకు జనీన్, వెండెల్, మార్గో కుందేలును తీసుకెళ్ళారు. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పటికి దాని చర్మం కింద సెలైను ఎక్కించి, నొప్పికి ఇంజెక్షను ఇచ్చి పంపారు. పేగు దాదాపు ఆగిపోయిందని, మూడు గంటలకొకసారి జావ పట్టాలని, సాయంత్రంలోగా పెంటిక పడకపోతే మళ్ళీ తీసుకురావాలని డాక్టరమ్మ చెప్పింది. బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

బఠాణీ సూపు వడ్డించి ఒడెట్ కూర్చుంది. మార్గో చెంచా ముట్టుకోలేదు. ఫ్రిజ్ మీది కాగితం పీకి తెచ్చి గిన్నెల మధ్య పరిచింది.

"నిన్న పగలంతా ఆకలితో ఉందా అని అడిగింది డాక్టరమ్మ. ఉండకూడదు కదా, అన్ని గడుల్లోనూ టిక్కు ఉంది. మధ్యాహ్నం అమ్మమ్మ, మొత్తం పట్టాను అని టిక్కు. మూడున్నరకి నేను చూశాను, బుట్ట నిండా గడ్డి ఉంది. రాత్రి ఎనిమిదికి వెండెల్. సగం తాగింది, సగం ఉమ్మేసింది అని రాశాడు." పిల్ల తల ఎత్తింది. "సగం అని రాసింది నువ్వొక్కడివే."

"అవును. సగమే తాగింది" అన్నాడు వెండెల్.

"తాగిందా, నువ్వే ఓపిక లేక పారబోశావా? పోయిన నెల నా వయొలిన్ కచేరీకి వస్తానని మరిచిపోయావు. ఆ రోజు కూడా అలసిపోయాననే చెప్పావు."

"మార్గో, పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?" అంది జనీన్. కానీ అలా అంటూనే ఆమె కూడా భర్త ముఖం వైపు ఒకసారి చూసింది. ఆ చూపును బల్ల దగ్గర ఉన్న మిగతా ముగ్గురూ గమనించారు.

చెప్పవలసిన సమయం అదే. ఒడెట్‌కు అది తెలుసు. కానీ ముప్పై ఎనిమిదేళ్ళు తీర్పు చెప్పిన నాలుక తన పనే తాను చేసింది.

"ఈ ఇంటికి ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాళ్ళు లేచి నిలబడాలి. నష్టపోయినవాళ్ళు కూర్చోమనేదాకా కూర్చోకూడదు."

వెండెల్ కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాడు.

మార్గో ఎర్ర పెన్సిలు తీసుకుని కాగితంలో అతని పేరున్న వరసంతా కొట్టేసింది. "ఇంక టాఫీ గదిలోకి రావద్దు" అని లోపలికి వెళ్ళిపోయింది. జనీన్ ఆమె వెనకాలే వెళ్ళింది. కూర్చోమనేవాళ్ళు లేక వెండెల్ కాసేపు అలాగే నిలబడి, కోటు తీసుకుని వెనక వరండాలోకి నడిచాడు.

ఒడెట్ గిన్నెలన్నీ తీసింది. ఒక గిన్నెను రెండుసార్లు కడిగింది. చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్ళేటప్పటికి అతడు పారతో మెట్ల మీది మంచు గీకుతున్నాడు.

"మీరెందుకు నిలబడ్డారు?"

అతడు పార ఆపలేదు. "నిన్న నాలుగింటికి బూట్ల కోసం వంగితే ఇక్కడే గోడవారన కాగితం సంచి కనబడింది. నిండా గడ్డి, వాడిపోయిన కొత్తిమీర. పొద్దున నేను పెట్టినదే."

ఒడెట్ గుమ్మం పట్టుకుంది. "తెలిసి నోరు మూసుకున్నారా?"

"ఒక్క పూటకు ఏమవుతుందిలే అనుకున్నాను. అంతవరకు తప్పు నాదే. ఇవాళ డాక్టరమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను, జనీన్, మార్గో వినకుండా. వైద్యం అబద్ధం మీద జరగలేదు, భయపడకండి."

"నాకు మీ దయ అక్కరలేదు."

"మీకోసం కాదు టీచర్." ఇప్పుడు పార ఆగింది. "నేను మధ్యలో వచ్చినవాణ్ణి. మార్గోకి నా మీద కోపం అలవాటే. నేను లేకపోయినా దాని రోజు గడుస్తుంది. బడినుంచి రాగానే అది మొదట పిలిచేది మిమ్మల్ని. మిమ్మల్ని కూడా పోగొట్టుకుంటే సాయంత్రాలు ఎవరితో కూర్చుంటుంది?"

ఆమె గుమ్మం వదిలి ఒక మెట్టు దిగింది.

"పైగా మీ ముందు నిలబడడం నాకు కొత్తా?" అతడు చిన్నగా నవ్వాడు. "ఆ రోజు అద్దం మీద రాయి విసిరింది నా పక్కన కూర్చునే రోలండ్. వాళ్ళ నాన్న బెల్టు తీసేవాడు. మా నాన్నకు నా బడి సంగతులే పట్టవు. మీరు ఒక్కసారైనా అడగలేదు, నిజంగా నువ్వేనా అని."

ఒడెట్‌కు ఆ అద్దం పగిలిన తరగతి గది కళ్ళ ముందుకు వచ్చింది. నిజం కనిపెట్టానని ఆనాడు ఎంత తృప్తిగా ఇంటికి వెళ్ళిందో కూడా గుర్తుకొచ్చింది. లేచినవాణ్ణి చూసి, కూర్చున్నవాళ్ళందరినీ నిర్దోషులనుకుని సుద్దముక్క అందుకున్న రోజులు ఎన్ని ఉంటాయో ఆమె లెక్కించబోయి మానుకుంది.

నాలుగు గంటలకు జావ పట్టడం అయిపోయాక ఒడెట్ అందరినీ బల్ల దగ్గరకు పిలిచింది. మార్గో వెండెల్‌కు దూరంగా కూర్చుంది. ఒడెట్ కూర్చోలేదు. వెన్ను నిటారుగా పెట్టి కుర్చీ వెనక నిలబడింది.

"నిన్న టాఫీకి పగలంతా మేత లేకుండా చేసింది నేను. గడ్డి తీసేశాను. జావ పట్టలేదు. పట్టానని టిక్కు పెట్టాను. వెండెల్ చేసిన తప్పేమీ లేదు. నేను చేసింది తెలిసి, నా బదులు నిలబడ్డాడు."

జనీన్ మొదట మాట్లాడింది. ఆమె గొంతు నెమ్మదిగా ఉంది.

"మధ్యాహ్నం ఇక్కడే కూర్చుని అతణ్ణి లేచి నిలబడమన్నావు. నీ చేత్తో టిక్కు పెట్టుకుని. నేను పదేళ్ళప్పుడు పాలగిన్నె పగలగొట్టి ఒప్పుకోలేదని ఈ బల్ల దగ్గరే చీకటి పడేదాకా నిలబెట్టావు కదమ్మా. అబద్ధం చెప్పిన నోట్లో దేవుడి ప్రసాదం పెట్టకూడదన్నావు."

"అన్నాను."

"నీకు మాత్రం ఒక మధ్యాహ్నం పట్టిందన్నమాట."

మార్గో అమ్మమ్మను తెలియని మనిషిని చూసినట్టు చూసి, లేచి టాఫీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"కూర్చో అమ్మా, మోకాళ్ళు వాచిపోతాయి" అంది జనీన్ కాసేపటికి, కసిరినట్టు.

"ఆ మాట అనవలసింది నువ్వు కాదు."

ఆమె నిలబడే ఉంది. నాలుగున్నర అయింది. ఐదు అయింది. కుడి మోకాలిలో మొదలైన నొప్పి నడుముదాకా పాకింది. వెండెల్ కూడా కూర్చోకుండా పొయ్యి పక్కన నిలబడి ఉండడం ఆమెకు చాలాసేపటికి గాని తెలియలేదు. అతణ్ణి కూడా ఎవరూ కూర్చోమనలేదు.

ఐదూ పదికి తలుపు తెరుచుకుంది. మార్గో అరచేతిని దోసిలిలా మడిచి, మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. చేతిలో మిరియపు గింజలంత పెంటికలు మూడు ఉన్నాయి. ఆ పిల్ల వాటిని ముందు వెండెల్‌కు చూపించింది.

"చిన్నగా ఉన్నాయి. పరవాలేదా?"

అతడు వంగి, కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు. "చాలా బాగున్నాయి. ఇంత అందమైనవి నేనెప్పుడూ చూడలేదు."

పిల్ల ఖాళీ చేత్తో కుర్చీ చూపించింది. "నువ్వు కూర్చో. మధ్యాహ్నంనుంచి ఊరికే నిలబడ్డావు."

వెండెల్ కూర్చున్నాడు. మార్గో బల్లకు ఇవతల నిలబడి అమ్మమ్మను చూసింది.

"టాఫీ చచ్చిపోయి, వెండెల్‌కి ఏమీ తెలియకపోయుంటే, నువ్వు లేచి నిలబడేదానివా?"

నిలబడేదాన్నని చెప్పడం చాలా సులువు. ఒడెట్ నోరు తెరిచింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లల కన్నీళ్ళను సాక్ష్యంగా తీసుకోని మనిషి తన కన్నీళ్ళను తుడుచుకోలేదు.

"తెలీదు తల్లీ. నిజంగా తెలీదు."

పిల్ల ఎర్ర పెన్సిలు బల్ల మీదుగా జరిపింది. "నిన్నటి టిక్కు నీ చేత్తోనే కొట్టెయ్యి."

ఒడెట్ టిక్కు కొట్టివేసి, దాని పక్కన సున్నా వేసింది. సున్నా గుండ్రంగా వచ్చింది. మార్గో దాన్ని పరీక్షగా చూసింది. ఆ పిల్ల చూపు కిందికి జారి అమ్మమ్మ వాచిన పాదాల మీద ఆగింది.

"కాళ్ళు నొప్పిగా ఉంటే కూర్చో" అంది. "తగ్గాక మళ్ళీ నిలబడు. నాకింకా కోపం పోలేదు."

ఒడెట్ కుర్చీలో కూర్చుంది. వెండెల్ లేచి, చల్లారిపోయిన సూపు గిన్నెను పొయ్యి మీద పెట్టాడు. అది కాగేలోగా ఆమె బల్ల అంచు పట్టుకుని మళ్ళీ లేచి నిలబడింది.