గాలి పీల్చే చోటు

ఆదివారం మధ్యాహ్నం. ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు బానెట్ ఎత్తి నిలబడ్డాను. మా పెళ్ళి కంటే పాత కారు. కూడళ్ళలో ఆగినప్పుడల్లా ఇంజన్ ఆయాసపడుతూ లేచి, పడి, ఆగిపోతోంది. ఈ ఊళ్ళో మాకంటూ ఎవరూ లేరు. వేళకాని వేళ పాపకి ఒళ్ళు కాలితే ఆసుపత్రికి ఈ కారే దిక్కు.

ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి, ఇంజన్ అడ్డదారిన గాలి లాక్కుంటోంది. ఇంజన్ నడుస్తుండగానే, సన్నని పైపు ముక్క ఒక కొస చెవికి ఆనించి, రెండో కొస ఒక్కో గొట్టం వెంట జరుపుతూ విన్నాను. కాగిన నూనె వాసన. పాప గుమ్మం మెట్టు మీద కూర్చుని ఎక్కం వల్లిస్తోంది.

ఇంజన్ వెనక, వేలు మాత్రమే దూరే సందులో దొరికింది. స్స్... అని సన్నగా. వేలితో మూశాను. ఇంజన్ ఒక్కసారిగా కుదుటపడింది.

"ఏడు ఆర్లు..."

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. తలెత్తి చూశాను. పాప నోరు తెరిచే ఉంది. రెప్ప పడలేదు. ఛాతీ కదల్లేదు.

వేలు తీశాను.

"...నలభై రెండు."

"ఎందుకాగావే?"

"ఎక్కడాగాను? నువ్వేంటమ్మా, ఉన్నట్టుండి ఇటు తిరిగిపోయావు?"

గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసే మనిషిని. ఇదీ వేలు పెట్టి, తీసి మూడుసార్లు చూశాను. మూడోసారి పాప పెదవి మీద ఈగ వాలింది. నోట్లోకి నడిచి వెళ్ళింది... తిరిగి బయటికొచ్చింది.

ఇంజన్ ఆపి చేతులు కడుక్కున్నాను. భయం కూడా వెయ్యలేదు.

సాయంత్రం ఆయనతో అన్నాను. "కారు జోలికి వెళ్ళకండి. అలాగే నడవనివ్వండి."

"ఏం, ఇంజనీరు గారికి చేతకాలేదా?" అని నవ్వారు.

సోమవారం పొద్దున పాప పాలు తాగుతోంది. బయట కారు స్టార్టయింది. చాలా మెత్తగా.

గ్లాసు వంచిన చెయ్యి వంచినట్టే ఉండిపోయింది. పాలు గడ్డం మీంచి గౌను మీదికి కారుతున్నాయి. బయటికి పరిగెత్తేసరికి కారు మలుపు తిరిగిపోయింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. డ్రైవింగ్‌లో ఫోన్ ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే.

లోపలికొచ్చి గ్లాసు తీసేశాను. పాప వేళ్ళు అలాగే వంగి ఉన్నాయి. గడ్డం తుడిచాను. మళ్ళీ ఫోన్ చేశాను... మళ్ళీ...

ఎప్పటికో ఎత్తారు.

"గొట్టం మార్చారా?"

"తెల్లవారుజామునే లేచి వేశా. నిన్నంతా దిగాలుగా ఉన్నావని. పిల్లిలా నడుస్తోంది తెలుసా?"

"ఆపండి."

"ఏంటి?"

"ఇంజన్ ఆపండి. ఇప్పుడే."

"ఆపడమేంటే? ఆఫీసుకొచ్చి పది నిమిషాలైంది. తాళం నా జేబులోనే ఉంది."

పాప రెప్ప పడలేదు. ఫోన్ బల్ల మీద పెట్టాను. వంగి, పాప ఛాతీకి చెవి ఆనించాను.

లోపల ఇంజన్ నడుస్తోంది... చాలా మెత్తగా.