ఆరో నంబర్ టెండర్

ఉదయం ఏడున్నరకి ఓడ లాండ్రీ గదిలో, ఉతకాల్సిన దుప్పట్ల కింద దొరికిన శవం మన ఏజెంటుదే. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఇంకో గాయం లేదు. బూటు మడమలో దాచిన మైక్రోచిప్ కూడా లేదు. ఓడ సెక్యూరిటీ ఆఫీసర్ గుండెపోటని రాసుకుని గదికి తాళం వేశాడు. అలా రాయమని చెప్పింది పిన్ని.

పిన్ని అంటే ఎవరికీ పిన్ని కాదు, ఇంటెలిజెన్స్‌లో ఫారిన్ డెస్క్ చీఫ్. అరవై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, చెవిలో హియరింగ్ ఎయిడ్. నిజానికి ఆవిడవి పాము చెవులు, ఆ హియరింగ్ ఎయిడ్ వైర్‌లెస్. ఈ క్రూయిజ్‌లో ఆవిడది అక్క కొడుకుని వెంటేసుకుని సముద్రం చూడ్డానికొచ్చిన పెద్దావిడ వేషం. ఆ అక్క కొడుకు మౌని. ఏజెంటుకి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, మనవాడు పైకి మాట్లాడడు తప్ప లోపల ఒకటే గొణుగుడు.

"తలుపేసి కూర్చో అబ్బాయ్," అంది పిన్ని తన క్యాబిన్‌లో. "చిప్‌లో పదకొండు పేర్లున్నాయి. అవతలి దేశంలో మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్ళు. అడ్రసులతో సహా."

"వాళ్ళు ఆ చిప్ తెరవగలరా?"

"ఓడలో కుదరదు. తెరిచే మెషీన్ ఒడ్డున వాళ్ళ మనిషి దగ్గరుంది. చిప్ గట్టెక్కిందా, సాయంత్రానికల్లా పదకొండు తలుపులు తడతారు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నీకు చెప్పకూడదు. చెప్తున్నాను. ఏడో పేరు మీ అన్నయ్యది."

అన్నయ్య ఏదో కంపెనీ తరఫున ఫ్రిజ్‌లు అమ్ముతూ దేశాలు తిరుగుతున్నాడనే ఆరేళ్ళుగా నమ్ముతున్నాడు మౌని. తను బీమా ఆఫీసులో పనిచేస్తున్నానని అన్నయ్యని కూడా అలాగే నమ్మించాడు. అమ్మ కడుపున పుట్టిన ఇద్దరూ అబద్ధాలకోరులే అన్నమాట. భయమేసింది, బాగా భయమేసింది. మధ్యలో నవ్వు కూడా వచ్చింది గానీ మింగేశాడు.

"ఒడ్డుకెళ్ళే టెండర్ బోట్లు ఆపించండి."

"మూడు వేల మంది ప్రయాణికులయ్యా. కారణం చెప్పకుండా ఆపనన్నాడు కెప్టెన్. ఆపితే మాత్రం ఏం ఒరుగుతుంది? వచ్చే రేవులో దింపుకుంటారు. ఈ రేవే మనకి నయం. లోతు లేదు కాబట్టి ఓడ గట్టుకి ఆనదు. రెండు మైళ్ళ అవతల లంగరేశారు. చీమైనా సరే టెండర్ బోటు ఎక్కి పోవాల్సిందే. బోటు జెట్టీకి తగిలేదాకా మన చట్టం. తగిలాక నువ్వూ నేనూ టూరిస్టులం."

"ఎవరి మీద అనుమానం?"

"అందరి మీదా. నన్ను కూడా కలుపుకో."

మౌని ఆ మాట అక్షరాలా పాటించాడు. పొద్దున్నుంచి పై డెక్ మీద నిలబడి ఒక్కో బోటూ వెళ్ళి రావడం బైనాక్యులర్స్‌లో చూశాడు. బోటు నెమ్మదిగా జెట్టీకి ఆనుకుంటుంది, కళాసీ వంగి తాడు ఉచ్చు గట్టు మీది ఇనుప దిమ్మకి తగిలిస్తాడు, జనం దిగుతారు. ఐదు బోట్లూ అంతే. దిగిన ప్రతివాడి బ్యాగూ, జేబులూ ఓడ తలుపు దగ్గరే వెతికాడు సెక్యూరిటీ ఆఫీసర్. సన్‌స్క్రీన్ సీసాలు, ఎండు రొట్టెలు, ఒకరి బ్యాగులో ఓడవాళ్ళ తువ్వాళ్ళు నాలుగు దొరికాయి. చిప్ జాడ లేదు.

తర్వాత లాంజ్‌లో కూర్చున్నాడు. అక్కడ నంబరేసిన స్టిక్కర్ ఇస్తారు, చొక్కాకి అంటించుకుని మన నంబర్ పిలిచేదాకా పడుండాలి. మౌని కంటికి ఒక్కడూ మంచివాడు కనిపించలేదు. కొత్తగా పెళ్ళైన జంట ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం లేదెందుకు? ఆ లావుపాటాయన కెమెరాకి మూత తీయకుండానే ఫొటోలు తీస్తున్నాడేమిటి? ఇలా వరసగా అందరినీ మనసులోనే అరెస్టు చేసుకుంటూ పోతుంటే, గుప్పున సెంటు వాసన కొట్టింది.

పెద్ద తెల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పెదాలు. లాంజ్‌లో మగవాళ్ళందరి మెడలూ ఒకే వైపు తిరిగాయి. ఆవిడ మౌని పక్కన కూర్చుంది.

"మీ దగ్గర సముద్రానికి మందుందా?"

"సముద్రానికి లేదు. కడుపుకుంది," అన్నాడు మౌని. కోడ్ సరిపోయింది. అవతలి ముఠాలో ఉంటూ రహస్యాలు మనకి చేరవేసే డబుల్ ఏజెంట్ ఈవిడే.

"ఆరో నంబర్ టెండర్. ఊతకర్ర పట్టుకున్న పెద్దాయన. కర్ర పిడిలో చూడండి," అని చెప్పి, లిప్‌స్టిక్ దిద్దుకుని లేచిపోయింది.

మౌని కాలర్‌లోని మైకులో గొణిగాడు. "పిన్నీ, ఈవిణ్ణి నమ్మొచ్చా?"

"రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ఇవాళ ఎవరి డ్యూటీలో ఉందో అదే తెలీదు. కర్ర చూడు, ఆవిణ్ణి కూడా చూడు."

ఆరో నంబర్ పిలిచారు. పిన్ని కూడా కుంటుతూ వచ్చి వరసలో చేరింది. మెట్లు దిగి, కార్డు గీకించుకుని, నీళ్ళకి మూరెడెత్తులో ఉన్న తలుపు దగ్గరికి వచ్చారు. బోటు లేస్తోంది, పడుతోంది. ఓడ వైపున్న కళాసీ మౌని మణికట్టు పట్టుకున్నాడు, మౌని అతని మణికట్టు పట్టుకున్నాడు. అదీ పద్ధతి. అలా పట్టుకుంటే ఒకరి చెయ్యి జారినా రెండోవాడి పట్టు ఉంటుంది. బోటులో ఉన్న కళాసీ మాత్రం పెళ్ళివారిని పలకరించినట్టు అరచెయ్యి చాచాడు. బోటు ఒక్కసారి కిందికి పోయింది, తడి చెయ్యి జర్రున జారింది, మౌని మోకాళ్ళ మీద పడ్డాడు. నలుగురు నవ్వారు. అతని ధ్యాసంతా ముందెళ్తున్న ఊతకర్ర మీదే ఉంది.

చిప్‌ని పసిగట్టే రిస్ట్‌వాచ్ ఒకటి ఇచ్చింది డిపార్ట్‌మెంట్. ఆరడుగుల్లో చిప్ ఉంటే వణుకుతుందట. బోటు ఇంజన్ స్టార్ట్ అయ్యిందో లేదో అది జ్వరమొచ్చినట్టు ఆగకుండా వణకడం మొదలెట్టింది. ఇంజన్‌కీ చిప్‌కీ తేడా తెలియని దాన్ని తయారుచేసినవాణ్ణి మనసారా తిట్టుకుని, తీసి జేబులో పడేశాడు.

పిన్ని పురమాయిస్తే పూల చొక్కా వేసుకుని టూరిస్టులా కూర్చున్న సెక్యూరిటీ ఆఫీసర్ పెద్దాయన వైపు వంగాడు. "కర్ర భలే ఉందండీ, ఓసారి చూడొచ్చా?" అంటూనే తీసుకుని పిడి తిప్పాడు. పిడి ఊడింది. లోపల వేలెడంత సీసా, అందులో బ్రాందీ.

పెద్దాయన ముఖం పాలిపోయింది. పక్కనున్న భార్య సీసా వాసన చూసింది.

"మానేశానని మనవరాలి మీద ఒట్టేశారు కదండీ."

"మందుగా పుచ్చుకుంటున్నానే."

"ఓడకి పదండి చెప్తాను."

అక్కడ చిప్ లేదు. జెట్టీ ఇంకా పావు మైలుంది. ఎదుటి సీట్లో తెల్ల టోపీ ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు, కంగారూ లేదు. తీరం వైపే చూస్తోంది. ఇవాళ ఈవిడ వాళ్ళ డ్యూటీలో ఉంది, అనుకున్నాడు. కర్రని మన ముందు పడేసి మన కళ్ళు అటు తిప్పింది. మరి చిప్ ఎవరి దగ్గరుంది? దిగేవాళ్ళందరి సామాన్లూ, జేబులూ వెతికారు. వెతకనిది ఎవరిని? దిగనివాణ్ణి.

అప్పుడు గుర్తొచ్చింది ఆ అరచెయ్యి. నెల రోజులు బోటు మీద పనిచేసినవాడెవడూ అరచెయ్యి ఇవ్వడు. వీడు కళాసీ కాదు. కానీ జెట్టీ మీద కాలు పెట్టకుండా చిప్‌ని ఎలా చేరుస్తాడు?

బోటు ముందు భాగాన నిలబడ్డాడు వాడు. చేతిలో సన్నటి తాడు చుట్ట. తాడు కొసన నిమ్మకాయంత ముడి. దూరంగా ఉన్న గట్టు మీదికి తాడు విసరాలంటే అలాంటి బరువైన ముడి వేస్తారు. కానీ పొద్దున్నుంచి ఏ బోటూ తాడు విసరలేదు, ఆనుకున్నాక తగిలించారు. జెట్టీ మీద పసుపు చొక్కావాడొకడు రెండు చేతులూ చాచి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఇంకా నలభై అడుగులుంది.

చిప్ ఆ ముడిలో ఉంది. మనిషి దిగక్కర్లేదు, ముడి దిగితే చాలు.

మౌని లేచాడు. తెల్ల టోపీ ఆవిడ నవ్వుతూ అతని చొక్కా పట్టుకుంది. "కూర్చోండి, పడిపోతారు." రెండో చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మొనలోంచి సన్నటి సూది బయటికొచ్చి అతని పక్కటెముకలకి ఆనింది. లాండ్రీ గదిలో శవం మెడ కళ్ళ ముందు మెదిలింది. కదిలితే తను, కదలకపోతే అన్నయ్య.

"అయ్యో, నా మోకాళ్ళు," అని మూలిగింది వెనక సీట్లోంచి లేచిన పిన్ని. మూలుగుతూ మూలుగుతూనే, డెబ్భై ఐదు కిలోల బరువుతో, ఆ తెల్ల టోపీ మీద, చెయ్యీ లిప్‌స్టిక్కూ అన్నీ కలిపి, కూలబడింది. సూది సీటు దూదిలో దిగబడింది.

"వెళ్ళు అబ్బాయ్," అంది, ఆవిడ ఒళ్ళో సర్దుకుని కూర్చుంటూ.

మౌని పరిగెత్తాడు. కళాసీ చెయ్యి వెనక్కి వెళ్ళింది, తాడు లేచింది. చుట్ట గిరగిరా విప్పుకుంటూ పోతోంది. పట్టుకునే వేళ లేదు. రెండు కాళ్ళూ ఎత్తి తాడు మీదికి దూకి నిలబడ్డాడు. తాడు బిగుసుకుంది. గాల్లో పోతున్న ముడి పసుపు చొక్కావాడి వేళ్ళకి జానెడు దూరంలో ఆగి, బుడుంగున నీళ్ళలో పడింది.

వెనక స్టీరింగ్ దగ్గర్నించి సరంగు కేకేశాడు. "తాడు విసరమని ఎవడు చెప్పాడ్రా నీకు? జెట్టీకి ఆనుకోబోతుంటే?"

జవాబు చెప్పే స్థితిలో లేడు కళాసీ. పూల చొక్కా ఆఫీసర్ వాడి చేతులు వెనక్కి విరిచి అదే తాడుతో కట్టేస్తున్నాడు. మౌని తడి ముడిని లాక్కుని చాకుతో కోశాడు. సీసం గుండు పక్కన, ప్లాస్టిక్ కాగితంలో, వేలిగోరంత చిప్. పదకొండు మందీ ఆ గోరంత దాంట్లోనే ఉన్నారు.

"వెనక్కి తిప్పు నాయనా," అంది పిన్ని సరంగుతో. "జెట్టీకి తగలనివ్వకు."

బోటు అక్కడికక్కడే తిరిగింది. ఊరు చూద్దామని స్టిక్కర్లంటించుకుని గంటన్నర కూర్చున్న ఎనభై మంది గొల్లుమన్నారు. పసుపు చొక్కావాడు చాచిన చేతులు దించడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"పిన్నీ, ఒక్క ఫోన్ చేసుకోనా?"

"చేసుకో. నోరు మాత్రం జాగ్రత్త."

చాలాసేపు మోగాక ఎత్తాడు అన్నయ్య. గొంతు నిద్రమత్తుగా, చిరాగ్గా, నిక్షేపంలా ఉంది. మౌనికి కళ్ళు చెమర్చాయి.

"ఏం కొంపలంటుకున్నాయిరా ఇప్పుడు ఫోన్ చేశావు?"

"ఏమీ అంటుకోలేదన్నయ్యా," అన్నాడు మౌని. "ఫ్రిజ్ ఒకటి కొందామనుకుంటున్నాను, ఏది మంచిదో చెప్తావని."

అవతల ఏవో కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. పాపం, ఆరేళ్ళలో అన్నయ్యని ఆ ప్రశ్న అడిగినవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు.