ఆపరేషన్ సేఫ్టీ క్లాస్

"ఈసారి నిన్ను చంపాలని ఎవరూ చూడట్లేదు," అన్నాడు చీఫ్. "విశ్రాంతి అనుకుని వెళ్ళు."

చీఫ్ విశ్రాంతి అన్న ప్రతిసారీ గుమాస్తా ఒంటి మీద ఒక కొత్త కుట్టు పడింది. అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. బట్టతల, వదులు ప్యాంటు, ఎవరూ రెండోసారి తిరిగి చూడని మొహం. ఇన్నేళ్ళుగా ఆ మొహమే అతన్ని ప్రాణాలతో ఇంటికి చేరుస్తోంది. అందుకే సీక్రెట్ ఏజెంట్లందరిలోకీ అతనికి ఒక్కడికే గుమాస్తా అన్న పేరు ఖాయమైపోయింది. ఇంట్లో భార్యకి మాత్రం అతను ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టరు.

డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో ఉంది. గోడ అవతల ఇస్త్రీ మిషను బుస్సుమన్నప్పుడల్లా చీఫ్ మాట ఆపి, చప్పుడు తగ్గాక మళ్ళీ అందుకునేవాడు. టేబుల్ మీదకి ఒక ఫొటో తోశాడు. అందులో వేలిగోరంత చిప్.

"ఇక మీదట మన రాడార్లకి ఇదే కన్ను. డిజైన్ అవతలివాళ్ళ చేతికి చిక్కిందంటే ఆ కళ్ళకి గంతలు కట్టడం వాళ్ళకి చిటికెలో పని. దీన్ని ఎత్తుకుపోవడానికి ఒక విదేశీ ముఠా దిగింది. లోపల వాళ్ళ మనిషి ఎవరో ఉన్నారు."

"ఎవరు?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

"నా కవర్? ఈసారి ఏ వేషం?"

"సేఫ్టీ ఆఫీసర్. ల్యాబ్‌లో ఈ చిప్‌ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టి చెక్కుతారు. దాని దగ్గర ఎలా మసలుకోవాలో స్టాఫ్‌కి క్లాసు చెప్తావు."

"నాకే తెలియదు కదా."

"నేర్చుకుంటావు. తోడుగా చందనాన్ని పంపుతున్నాను."

ఆ మాటకి గుమాస్తా మొహం కాస్త తేటపడింది. చందనం డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే అందగత్తె. ఆమె గదిలోకి రాకముందే ఆమె సెంటు వచ్చి కూర్చుంటుంది. సెంటు కొట్టుకుని తిరిగే మనిషిని ఎవరూ గూఢచారి అనుకోరన్నది ఆమె వాదన. ఇంతవరకూ ఎవరూ అనుకోనూ లేదు. ఆమెకి ఈ పనిలో ఓనమాలు దిద్దించింది గుమాస్తానే. మొదటిరోజు చెప్పిన మొదటి పాఠం అతనికి ఇప్పటికీ గుర్తుంది. "ఎదుటివాడి కవర్ చెప్పే మాటలు వినకు. వాడి చేతులు చూడు. నోరు ఆడినంత సులువుగా చేతులు అబద్ధం ఆడలేవు."

ల్యాబ్ ఇన్‌ఛార్జిని అందరూ వెనకాల హెడ్మిస్ట్రెస్ అంటారు. ఆవిడకి గుమాస్తా ఎవరో తెలుసు. తెలిసి కూడా లెక్కచెయ్యలేదు.

"మీరు గూఢచారి అయితే నాకేంటండీ? నా గదిలో కాలు పెట్టాలంటే ఆప్రాన్ కట్టుకోవాలి. కట్టుకోండి."

కట్టుకున్నాడు. ముఖానికి అడ్డంగా షీల్డ్ పెట్టుకున్నాడు. గ్లోవ్స్ ఒకదాని మీద ఒకటి తొడుక్కున్నాడు. తొడుక్కునే ముందు ప్రతి గ్లోవ్‌లోకీ గాలి పట్టి, చిల్లు ఉందేమోనని చెంప దగ్గర పెట్టి చూసుకోమంది ఆవిడ. అతని చేతులు ఎన్నో తుపాకులు విప్పి బిగించిన చేతులే. అయినా ఆ రబ్బరు తొడుగుల దగ్గర కొత్త పెళ్ళికొడుకులా తడబడ్డాయి. ఆవిడ మళ్ళీ మొదట్నుంచి చేయించింది. మోకాళ్ళు సలుపుతున్నాయన్నా వినలేదు.

"మిగతా యాసిడ్లు పడితే వెంటనే మంట పుడుతుంది, మనిషి ఎగిరి గంతేసి నీళ్ళ దగ్గరకి పరిగెడతాడు," అంది ఆవిడ. "ఇది అలా కాదు. ఇలా పల్చగా కలిపినప్పుడు మరీను. చడీచప్పుడు లేకుండా చర్మంలోంచి దిగిపోతుంది. ఎముకలో ఉన్న కాల్షియం లాగేస్తుంది. ఎక్కువ పడితే గుండె ఆగుతుంది. నొప్పి మాత్రం తీరిగ్గా వస్తుంది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నవాళ్ళే వేళ్ళు పోగొట్టుకుంటారు."

"పడితే?"

"ముందు నీళ్ళు. ధారగా, ఆపకుండా. తర్వాత ఈ కాల్షియం జెల్, రుద్దుతూనే ఉండాలి. రుద్దేవాడి చేతికీ గ్లోవ్స్ ఉండాలి. అలాగే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మీ జేబులో ఎప్పుడూ ఒక ట్యూబు ఉండాలి." ఆవిడే ఒకటి, రెండు జతల గ్లోవ్స్‌తో సహా, అతని కోటు జేబులో కుక్కింది. "ఇంకోటి. దీన్ని ప్లాస్టిక్ సీసాలోనే పోస్తాం. ఎందుకో తెలుసా? గాజుని తినేస్తుంది."

గుమాస్తా అన్నీ బుద్ధిగా బట్టీపట్టాడు. కవర్ అంటే అతనికి అంతే. మరమగ్గాల మెకానిక్ వేషం వేసినప్పుడు నిజంగానే నేత నేర్చుకున్నాడు. ఇలా అక్కర్లేని విద్యలన్నీ ఒంటపట్టించుకునీ, వదిలించుకునీ అతని బుర్ర అలిసిపోయింది.

క్లాసుకి స్టాఫంతా వచ్చారు. యంత్రాల కంపెనీ ప్రతినిధి వేషంలో చందనం కూడా వచ్చి, వెనక వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. గుమాస్తా గొంతు పోయేలా చెప్పాడు. ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళకూడదు, తోడు ఉండాల్సిందే అన్నాడు. గాజు గురించి చెప్పాడు. నొప్పి గురించి రెండుసార్లు చెప్పాడు. ఆమె మాత్రం గోళ్ళ రంగు చూసుకుంటూ, మధ్యమధ్యలో అతని వంక చూసి నవ్వాపుకుంటోంది.

బయటికొచ్చాక, "అదరగొట్టావు గురూ," అంది. "ఒక్క ముక్క వినలేదనుకో, కానీ యాక్టింగ్ మాత్రం అద్భుతం."

చిప్ తయారయ్యే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం కాన్ఫరెన్స్ హాల్లో అతిథులకి చిన్న పార్టీ. దేశవిదేశాల ప్రతినిధులు, సూట్లు, టైలు, పేపర్ కప్పుల్లో కాఫీ. పక్క కారిడార్‌లోని ల్యాబ్‌లో చిప్ యాసిడ్ ట్రేలో నానుతోంది. తీసే సమయానికి హెడ్మిస్ట్రెస్ స్వయంగా వెళ్తుంది. గేటు దగ్గర చీఫ్ సెక్యూరిటీ గార్డు యూనిఫాంలో నిలబడ్డాడు. గుమాస్తా చొక్కా గుండీలో ఉన్న మైకు నేరుగా అతని చెవిలోకి.

"అతిథుల బళ్ళన్నీ ఆపలేను," అన్నాడు చీఫ్, గుమాస్తా చెవిలోని ఇయర్‌ఫోన్‌లో గుసగుసగా. "గొడవైపోతుంది. ఒక్కటి ఆపగలను. ఏ బండో చెప్పు చాలు."

గుమాస్తా గోడకి వీపు ఆన్చి అందరి చేతులూ చూస్తూ నిలబడ్డాడు. కప్పులు పట్టుకున్న చేతులు, జేబుల్లో దాక్కున్న చేతులు. కాఫీ మెషిన్ మొరాయిస్తే ఒక మెకానిక్ దాన్ని విప్పుతున్నాడు.

అప్పుడు చందనం లోపలికొచ్చింది. కాఫీ మెషిన్ పక్కన నిలబడి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పౌడర్ డబ్బా తీసి తెరిచింది. మూతలోని అద్దంలో మొహం చూసుకోబోయింది. అద్దం ఆవిరి పట్టినట్టు తెల్లగా ఉంది. బొటనవేలితో తుడిచింది. తెలుపు పోలేదు. మళ్ళీ తుడిచి, విసుగ్గా మూసేసింది.

గుమాస్తా గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. మామూలు ఆవిరైతే వేలు తగలగానే పోతుంది. ఆ తెలుపు అద్దం పైన లేదు, అద్దంలోనే ఉంది. దాన్ని ఏదో తినేసింది. గాజుని తినేది ఆ భవనంలో ఒక్కటే ఉంది.

అతనికి కోపం రాలేదు. అది కూడా రానంత అలిసిపోయి ఉన్నాడు. నడవడం నేర్పిన పిల్ల ఎదురొచ్చి తోసేసినట్టు అనిపించింది, అంతే. ఆ వెంటే ఇంకో సంగతి తట్టింది. చిప్‌ని కడగకుండా తడి తడిగానే డబ్బాలో పెట్టేసింది. అంటే ఆ వేళ్ళు?

ఇద్దరు ప్రతినిధుల్ని తప్పించుకుని అతను దగ్గరికి చేరేసరికి డబ్బా ఆమె చేతిలో లేదు. హాల్లో సగంమంది అప్పటికే తలుపు దాటారు. గేటు వైపు బళ్ళు వరస కట్టాయి.

గుమాస్తా ఆమె మోచెయ్యి పట్టుకుని కారిడార్‌లో ఉన్న వాష్‌రూమ్‌లోకి నడిపించాడు. ఆమె గింజుకోలేదు. తలుపు మూసుకోగానే మాత్రం బుల్లి పిస్టల్ అతని పక్కటెముకలకి ఆనించింది.

"ఎలా కనిపెట్టావు గురూ?"

"నీ అద్దం చెప్పింది. ఏ చేత్తో తీశావు దాన్ని?"

"ఏంటి?"

"ట్రేలోంచి చిప్ తీసింది ఏ చేత్తో?"

"కుడిచేత్తో. దాని బదులు నకిలీది పెట్టాను. గ్లోవ్ వేసుకున్నాలే."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. నీకెందుకు?"

"నొప్పి ఉందా?"

"లేదు."

"అదే నా భయం."

ఆమె నవ్వింది. "ఇంకా ఆ సేఫ్టీ ఆఫీసర్ గోలేనా? నన్ను బెదిరించి అది ఏ బండిలో ఉందో చెప్పించుకోవడానికి ఇదా నీ ఎత్తు? కవర్ చెప్పే మాటలు వినొద్దని నువ్వే కదా నేర్పావు."

చెవిలో చీఫ్ గొంతు గరగరలాడింది. "మొదటి కారు గేటు దగ్గరికొచ్చింది. ఏ బండి? గుమాస్తా, ఏ బండి?"

గుమాస్తా కోటు జేబులోంచి గ్లోవ్స్ తీశాడు. ఒక్కోదాంట్లోకీ గాలి పట్టి చెంప దగ్గర పెట్టి చూశాడు. ఒక జత తొడుక్కున్నాడు. దాని మీద రెండో జత. పిస్టల్ పక్కటెముకల్లో గుచ్చుకుంటూనే ఉంది. బయట ఇంకో బండి హారన్ కొట్టింది. అతను తొందరపడలేదు. మణికట్టు దాకా లాగి సరిచేసుకున్నాడు.

చందనం నవ్వు ఆగిపోయింది. పని మీద ఉన్నప్పుడు చొక్కా గుండీ పెట్టుకోవడానికైనా ఆగని మనిషి ఈయన. దేశం చేజారిపోతుంటే తీరిగ్గా గ్లోవ్స్ తొడుక్కుంటున్నాడు. ఆమె అతని మొహం వైపు చూడటం మానేసి, నేర్చుకున్న పాఠం ప్రకారం ఆ చేతుల్నే చూసింది. ఆ చేతులకి తన చెయ్యంటే భయం వేస్తోంది.

"నిజమా?" అంది.

"చెయ్యి ఇటివ్వు."

ఇచ్చింది. పిస్టల్ సింకు గట్టు మీద పెట్టేసింది. గుమాస్తా ఆమె ఉంగరాలు ఊడదీసి, కుళాయి పూర్తిగా తిప్పి, వేళ్ళని ధార కింద పట్టాడు. బొటనవేలు, చూపుడువేలు కొసలు పాలిపోయి ఉన్నాయి.

"ఏ బండి?" అని చీఫ్ అరుస్తున్నాడు. "ఇంకా రెండే మిగిలాయి, కాగితాలు అడుగుతూ సాగదీస్తున్నా."

గుమాస్తా ఆమెని అడగలేదు. అడిగితే మళ్ళీ ఎత్తే అనుకుంటుంది. చాలాసేపు కడిగి, ట్యూబు పిండి వేళ్ళకి జెల్ రుద్దడం మొదలుపెట్టాడు. చిప్ పోతే పోయింది, ఈ వేళ్ళైనా దక్కితే చాలనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఉద్యోగం ఊడినా ఫర్వాలేదనిపించింది.

"అలిసిపోయాను గురూ," అంది ఆమె ఉన్నట్టుండి. "ప్రతి ఊళ్ళో ఒక పేరు. పేరు మార్చక్కర్లేని ఒక ఇల్లు ఇస్తామన్నారు వాళ్ళు."

"నాకు చెప్పాల్సింది."

"నువ్వేం చేసేవాడివి?"

"ఏమీ చెయ్యలేకపోయేవాణ్ణి. అయినా చెప్పాల్సింది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలి కొసలో సన్నగా సలుపు మొదలైంది కూడా. "గోరు కింద ఏదో కొట్టుకుంటోంది," అంది. తర్వాత, ఎవరూ అడక్కుండానే, అతని గుండీ వైపు వంగి చెప్పింది. "కాఫీ మెషిన్ మెకానిక్. తెల్ల వ్యాను. డబ్బా టూల్‌బాక్స్‌లో ఉంది."

చెవిలో చక్రాలు కీచుమన్నాయి. ఏదో రేకు నొక్కుకుపోయిన చప్పుడు. కాసేపు చీఫ్ ఆయాసం తప్ప ఏమీ వినపడలేదు.

"దొరికాడు," అన్నాడు చివరికి. "గేటు కమ్మీ సరిగ్గా బానెట్ మీద పడింది. డబ్బా నా ముందే ఉంది. తెరుస్తున్నా."

"తెరవకండి," అన్నాడు గుమాస్తా. "ముట్టుకోకండి. హెడ్మిస్ట్రెస్ వచ్చి తీస్తుంది. ఆ మెకానిక్ చేతులు నీళ్ళ కింద పెట్టించండి, నొప్పి లేదన్నా సరే. అంబులెన్స్‌లో వాడికీ చోటుంచమనండి."

"ఇదేంటి, నిజంగానే సేఫ్టీ ఆఫీసర్ అయిపోయావా?"

గుమాస్తా జెల్ రుద్దుతూనే ఉన్నాడు. అంబులెన్స్‌లోనూ ఆపలేదు. చిప్ అంచు కాస్త కొరుక్కుపోయినా డిజైన్ చెక్కుచెదరలేదని దారిలో కబురొచ్చింది. వేళ్ళు దక్కుతాయని ఆస్పత్రిలో డాక్టరు చెప్పాకే అతను గ్లోవ్స్ విప్పాడు, అదీ లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి, నేర్పినట్టే. చందనం మంచం పక్కన ఇద్దరు గార్డులు నిలబడ్డారు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రో, నటనో అతను చూడలేదు. కట్టు కట్టిన చెయ్యి మాత్రం దుప్పటి మీద వణుకుతోంది.

ఆస్పత్రి మెట్ల మీద కూలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"గొంతేంటండీ అలా ఉంది?" అంది భార్య. "ఇవాళ ఏం పని పడిందేంటి మీకు?"

"ఆఫీసులో క్లాసు చెప్పమన్నారు. సేఫ్టీ మీద."

"మీరు చెప్తే ఎవరైనా విన్నారా?"

గుమాస్తా జేబులోంచి ఖాళీ అయిన జెల్ ట్యూబు తీసి చూశాడు.

"ఒకమ్మాయి వింది," అన్నాడు. "కాస్త ఆలస్యంగా."