మెల్లగా నడిచిన కారు

"ఆ స్విచ్ కాస్త వేయండి," అన్నాడు రత్నబాబు.

"నేను వేయను," అంది కృష్ణవేణి.

"వేయకపోతే కంప్యూటర్ ఎలా వస్తుందండీ?"

"మీరున్నారుగా. మాస్టారు మీరా, నేనా?"

వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాటలివి. రత్నబాబు లేచి విసురుగా స్విచ్ వేశాడు. ఆసామి ఇంటి పిల్ల కదా, ఆ మాత్రం టెక్కు ఉంటుందిలే అనుకున్నాడు. ఆ అమ్మాయి తలుపు దగ్గర గోడకు అతుక్కుపోయి నిలబడడం మాత్రం అతను చూడలేదు.

ఎనభై తొమ్మిది వేసవి అది. కృష్ణవేణి బాబాయి లక్ష్మీనరసింహారావు నూజివీడులోని తన ఇంటి ముందుగదిలో కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. మామిడితోటలు చూసుకునేవాడికి ఈ పిచ్చేమిటని బంధువులు నవ్వారు. ఆయన వినలేదు. మద్రాసు నుంచి రంగుల తెర ఉన్న మిషను తెప్పించాడు. విజయవాడలో కోర్సు చదివిన బాపులపాడు కుర్రాడు రత్నబాబును మాస్టారుగా పెట్టుకున్నాడు. ఇంటి మనిషి ఒకరు ఉండాలని, డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న అన్నగారి కూతుర్ని రోజూ వచ్చి కూర్చోమన్నాడు.

ఆ అన్నగారు ఇప్పుడు లేరు. కృష్ణవేణి ఇంటర్ చదువుతుండగా, తండ్రి వీరరాఘవయ్య ముసునూరు దారిలోని తోటకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళి, తడిచేత్తో మోటారు స్టార్టర్ పట్టుకున్నాడు. ఇంటికి తిరిగి రాలేదు. అప్పటినుంచి తల్లి నాగేశ్వరమ్మ లైటు వేయాలన్నా చేతులు కొంగుకు పదేపదే తుడుచుకునేది. కూతుర్ని అసలు స్విచ్‌బోర్డు దగ్గరికే పోనిచ్చేది కాదు. ఫ్యాను గరగరమంటే చాలు, తల్లీకూతుళ్ళిద్దరూ వసారాలోకి వచ్చేసేవాళ్ళు. కరెంటు స్విచ్ ముట్టనని మాట తీసుకున్నాకే కూతుర్ని సెంటర్‌కు పంపింది.

ఈ సంగతి బాబాయి ఆ సాయంత్రం రత్నబాబుకు చెప్పాడు. మర్నాడు అతను క్షమాపణలేమీ చెప్పలేదు. కృష్ణవేణి కుర్చీని మాత్రం వైర్లకు దూరంగా కిటికీ పక్కకు మార్చి ఉంచాడు.

"ఇకనుంచి స్విచ్‌లన్నీ నా వంతు," అన్నాడు.

"మరి నా వంతేంటి మాస్టారూ?"

"నన్ను కసురుకోండి. నిన్న బాగానే చేశారు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కనబడకుండా కిటికీలోంచి రోడ్డు మీదికి చూసింది. రసాల మామిడికాయలు నింపిన బుట్టలతో ఎడ్లబండ్లు మార్కెట్టుకు పోతున్నాయి.

అలా రోజులు గడిచాయి. పొద్దున పెద్దవాళ్ళకు పాఠాలు, సాయంత్రం పిల్లలకు కారు పోటీ ఆట. తెర మీద రోడ్డు ఎదురొచ్చి మీద పడుతున్నట్టుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. కృష్ణవేణి మాత్రం కిటికీ పక్కనుంచి ఆ మిషన్నే కనిపెట్టుకుని ఉండేది, కట్టేసిన కుక్కను చూసినట్టు.

"ఈ కీబోర్డులో కూడా కరెంటు ఉంటుందాండీ?" అని ఓరోజు అడిగింది.

"ఉంటుంది. చీమను కూడా ఏమీ చేయలేనంత."

"చీమను అడిగారా?"

"అడిగాను. కృష్ణవేణి గారు నేర్చుకుంటే తానూ నేర్చుకుంటానంది."

ఆమె ఒక వేలుతో ఒక అక్షరం నొక్కి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తెర మీద ఆ అక్షరం మెరిసింది. రత్నబాబు ఆమె వంక చూశాడు. ఆ చూపు ఆ రాత్రి ఆమెతోబాటు ఇంటిదాకా వచ్చింది.

భయం మళ్ళీ మొదలైంది ఒక శుక్రవారం. ఆదివారం నాడు ఊళ్ళో పెద్దల్ని, పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి కంప్యూటర్ చూపించాలని బాబాయి అప్పటికే నిశ్చయించి ఉన్నాడు. అప్పటికీ ఎక్కువమంది చేరకపోతే మిషను అమ్మేస్తానన్నాడు. అదే జరిగితే రత్నబాబు ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ పోవాలి.

సరిగ్గా అప్పుడే కారు మొరాయించింది. ఆట మొదలుపెడితే రోడ్డు ఆగి ఆగి కదులుతోంది. ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేలోపు ఆవులించొచ్చు. మీట నొక్కిన కాసేపటికి గానీ కారు పక్కకు తిరగదు.

"మాస్టారూ, కారుకి ఎద్దుల్ని కట్టారా?" అన్నాడొక పిల్లవాడు. మిగతావాళ్ళు గొల్లుమన్నారు.

రత్నబాబు నవ్వలేదు. "వోల్టేజీ అయ్యుంటుంది. తోటల్లో మోటార్లన్నీ ఆడుతున్నాయిగా," అన్నాడు. మోటార్లు ఆగేదాకా కాచుకుని, స్టెబిలైజర్ ముల్లు నిలకడగా నిలబడ్డాక మళ్ళీ ఆట పెట్టాడు. అదే నత్తనడక.

"ఫ్లాపీ పాడైందేమో." కొత్త ఫ్లాపీ పెట్టాడు. మార్పులేదు.

"వైరస్ అని ఒకటొచ్చిందట. ఫ్లాపీలో దాక్కుని మిషన్ని నెమ్మది చేస్తుందని విజయవాడలో అనుకుంటున్నారు." కవరు విప్పని అసలు ఫ్లాపీలతో మొదటినుంచీ అన్నీ మళ్ళీ ఎక్కించాడు. అప్పటికీ అంతే.

"ఈ ఎండలకి వేడెక్కిందేమో," అని శనివారం చల్లటి పొద్దున్నే వచ్చి చూశాడు. కారు కదల్లేక కదిలింది.

ఇక మిగిలింది పెట్టె విప్పి చూడడమే. రత్నబాబు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"విప్పకండి," అంది కృష్ణవేణి.

"లోపల ఫ్యానుకు దుమ్ము పట్టి ఉంటుంది. చూసి మూసేస్తాను."

"వద్దండీ. కారు నడవకపోతే పోనివ్వండి."

అతను మొదటి స్క్రూ మీద చెయ్యి పెట్టాడు. కృష్ణవేణికి చెవుల్లో హోరు మొదలైంది. మోటారు షెడ్డు గుమ్మం, దాని బయట నాన్న విడిచిన చెప్పులు కళ్ళ ముందుకొచ్చాయి. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, అంత దూరం ఎలా నడిచిందో ఆమెకే తెలీదు. రెండు చేతులా అతని మణికట్టు పట్టేసుకుంది.

రత్నబాబు కదల్లేదు. చాలా మెల్లగా అన్నాడు. "ఒక్కసారి మీ కుర్చీ కింద చూడండి."

చూసింది. కంప్యూటర్‌కు కరెంటిచ్చే వైరు, ప్లగ్‌తో సహా, చుట్టలా చుట్టి కుర్చీ కింద పెట్టి ఉంది.

"మీరు రాకముందే ఊడదీసి అక్కడ పెట్టాను. మీరు తీసిస్తే తప్ప దీనికి కరెంటు రాదు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే పిరికివాడంటారని. నాకూ భయమేనండీ. నాకు పని నేర్పినాయన మొదటి రోజే అన్నారు, భయం పోయిన రోజు ఈ పని మానెయ్ అని. నేనింకా మానలేదు."

కృష్ణవేణికి అప్పుడు అర్థమైంది, ఇందాక తాను భయపడింది కరెంటుకు కాదని. ఇతనికేమైనా అవుతుందేమోనని.

"చెయ్యి వదిలితే స్క్రూ తిప్పుకుంటాను," అన్నాడు రత్నబాబు. వదలమని తొందరపెట్టలేదు.

పెట్టె విప్పి, రంగులు వేసే కుంచెతో దుమ్మంతా దులిపి, మళ్ళీ బిగించాడు. కృష్ణవేణి కుర్చీ కింది వైరు తెచ్చి ఇచ్చింది. ఆట పెట్టారు. కారు అలాగే ఈడ్చుకుంటూ నడిచింది.

రత్నబాబు కుర్చీలో కూలబడ్డాడు. "ఇక నాకు తెలిసిందేమీ లేదు. రేపు అందరి ముందూ మీ బాబాయిగారి పరువు పోతుంది. ఎల్లుండి నేను రైలెక్కుతాను."

కృష్ణవేణి మిషను వంక చూసింది. ఏదో ఒకటి చేయాలి. ఏం చేయగలదు? ఇన్నాళ్ళుగా తాను చేసిందల్లా ఆ మిషన్ని దూరంనుంచి చూడడమే.

"మాస్టారూ," అంది నెమ్మదిగా. "ముందువైపు మూడు లైట్లు వెలిగేవి కదా. ఇప్పుడు రెండే ఉన్నాయేంటి?"

"మూడా?"

"ఎరుపు, పసుపు, పచ్చ. అవి వెలుగుతున్నంతసేపూ దగ్గరికి రాకూడదని రోజూ చూస్తాను కదండీ. పచ్చది లేదిప్పుడు."

రత్నబాబు వంగి చూశాడు. వెలగని పచ్చలైటు పక్కనే చిన్న బటన్ ఉంది. దాని కింద ఇంగ్లీషులో టర్బో అని రాసి ఉంది.

"నేను నేర్చుకున్న మిషనుకు ఈ బటన్ లేదు. నొక్కితే ఏమవుతుందోనని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు," అన్నాడు. తర్వాత పక్కకు జరిగాడు. "కనిపెట్టింది మీరు. మీరే నొక్కండి."

కృష్ణవేణి చేతులు చున్నీకి తుడుచుకుంది. కళ్ళు మూసుకుని నొక్కింది. టిక్కుమంది. కళ్ళు తెరిచేసరికి పచ్చలైటు వెలుగుతోంది. తెర మీద రోడ్డు ఉరకలు వేస్తోంది. నడిపేవాళ్ళు లేని కారు రివ్వున పోయి గట్టును గుద్దుకుంది.

ఇద్దరూ పగలబడి నవ్వుతుంటే బాబాయి లోపలికొచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు. "ఆ బటనా? మొన్న సాయంత్రం ఆదివారం కోసమని నేనే తుడిచానమ్మా. ఏదో టిక్కుమంది. గుడ్డ తగిలిన చప్పుడనుకున్నాను."

ఆదివారం కారు పరుగు చూడడానికి వచ్చినవాళ్ళు వరండా దాటి రోడ్డు మీద దాకా నిలబడ్డారు. సెంటర్ నిలబడింది.

అందరూ వెళ్ళాక రత్నబాబు గుమ్మంలో ఆగాడు. "మా నాన్నగారిని మీ అమ్మగారి దగ్గరికి పంపనా?"

ఆమె తల దించుకుంది. "పంపండి. మీరు కరెంటు పెట్టెలు విప్పుతారని మాత్రం చెప్పొద్దనండి."

"దాచి పెళ్ళి చేసుకోలేనండీ."

రత్నబాబు తండ్రి కృష్ణమూర్తి వచ్చాడు. నాగేశ్వరమ్మ మర్యాదగా కాఫీ ఇచ్చింది. అంతా విని, "మీ అబ్బాయి మంచివాడే అన్నయ్యగారూ," అంది. "కానీ కరెంటుతో పనిచేసేవాడికి పిల్లనివ్వను. పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి వస్తాడా రాడా అని గుమ్మం వంక చూస్తూ కూర్చోవడం నాకు తెలుసు. దానికి వద్దు."

కృష్ణవేణి తల్లితో వాదించలేదు. అమ్మ చెప్పింది నిజమేనేమో అనిపించడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. సెంటర్లో రత్నబాబు ప్లగ్ పట్టుకున్న ప్రతిసారీ ఆమె కుర్చీలోంచి సగం లేచేది. అతనూ మునుపటిలా హాస్యాలాడడం మానేశాడు.

రోహిణి కార్తె చివర్లో ఒక మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. కొమ్మలు విరిగాయి, కాయ రాలింది. వాన చినుకుల్లోకి దిగగానే, రాలిన కాయ ఏరడానికి ఇంటిల్లిపాదీ, కూలీలూ ముసునూరు దారిలోని తోటకు పరుగెత్తారు. రత్నబాబు కూడా బుట్ట పట్టుకుని బాబాయి వెంట వచ్చాడు. కృష్ణవేణి, నాగేశ్వరమ్మ చెరో వరుస పట్టుకుని ఏరుతున్నారు.

"అమ్మగారూ, ఆగండి. అడుగు తీయకండి."

రత్నబాబు గొంతు అది. నాగేశ్వరమ్మ ఉలిక్కిపడి నిలబడిపోయింది. ఆమెకు కాస్త ముందు, తడిగడ్డిలో, రాలిన కాయల మధ్య నల్లగా ఒక తీగ పడి ఉంది. పైన స్తంభం ఒరిగి ఉంది.

"కాళ్ళు ఎత్తకుండా, రెండూ దగ్గరగా పెట్టి, మెల్లగా వెనక్కి జరగండి. ఇంకా. ఇంకొంచెం."

ఆమె జరిగింది. కృష్ణవేణి వచ్చి తల్లిని వాటేసుకుంది.

"ఇంతోటి దానికి అంత భయమేంటి బాబూ," అంటూ తోట కాపలాదారు పోతురాజు ఒక కర్ర తెచ్చాడు. "నేను పక్కకు తీసేస్తాగా."

రత్నబాబు అతనికి అడ్డంగా నిలబడ్డాడు. "తడిసిన కర్ర అది. కింద పడెయ్."

"గాలి రాగానే కరెంటు పోయిందయ్యా. తీగలో ఏమీ ఉండదు," అన్నాడు బాబాయి.

"పోయింది ఎప్పుడైనా వస్తుందండీ. మీరు స్కూటర్ మీద సబ్‌స్టేషన్‌కు వెళ్ళి చెప్పి రండి. లైన్‌మన్ వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. ఎవర్నీ పోనివ్వను."

బాబాయి వెళ్ళాడు. వాన మళ్ళీ జోరందుకుంది. రత్నబాబు తీగకు దూరంగా, చేతులు చాపి నిలబడే ఉన్నాడు. అతని పళ్ళు టకటకలాడుతున్నాయి. కంప్యూటర్ మాస్టారుకు కరెంటంటే ఇంత భయమా అని కూలీలు గుసగుసలాడి నవ్వుకున్నారు.

ఆ నవ్వు మధ్యలో తీగ చుర్రుమంది. నీలంగా నిప్పురవ్వలు ఎగిరాయి. గడ్డిలోంచి పొగ లేచింది. పోతురాజు చేతిలోని కర్ర దానంతటదే జారిపోయింది. కూలీలు వెనక్కి జరిగారు.

లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపించి, తీగను పక్కకు తీశాక గానీ రత్నబాబు అక్కడినుంచి కదల్లేదు. నాగేశ్వరమ్మ అతని దగ్గరికి వచ్చింది.

"భయం వేయలేదా నీకు?"

"చాలా వేసిందండీ. ఇంకా తగ్గలేదు." వణుకుతున్న చేతులు చూపించాడు.

ఆమె ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. "ఆయనకు భయమనేదే ఉండేది కాదు," అంది. "చేతులు తుడుచుకుని వెళ్ళమని ఆ రోజు కూడా చెప్పాను. నవ్వేసి వెళ్ళిపోయాడు."

నాగేశ్వరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, వెనక్కి తిరిగి కూతురి వంక చూసింది. కృష్ణవేణి రత్నబాబు చేతుల వంకే చూస్తోంది. దగ్గరికి పోవాలని ఉంది, తల్లి ముందు ధైర్యం చాలడం లేదు.

"మీ నాన్నగారిని ఇంకోసారి రమ్మను బాబూ," అంది నాగేశ్వరమ్మ.

రత్నబాబు తల ఊపి, రోడ్డు వైపు రెండడుగులు వేశాడు.

"ఇప్పుడు కాదు. వాన వెలిశాక," అందామె. "ఒసేయ్ కృష్ణవేణీ, చూస్తావేంటే. ఆ షెడ్డులో తువ్వాలుంది, తెచ్చి అబ్బాయికివ్వు."

నాన్న పోయాక కృష్ణవేణి ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళి, తువ్వాలు పట్టుకుని, వానలో అతని వైపు పరుగెత్తింది.