కింది ఫ్లాట్ ఫోన్

పంజాగుట్ట వెనక సందులో, రెండో అంతస్తులో ఉంటుంది సిల్వియా. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, కట్టిన చీర మార్చకుండానే కేకుల తయారీ లైవ్‌లో నేర్పిస్తుంది. ఆ రోజు ముసురు పట్టి పట్టపగలే ఇల్లంతా మసకగా ఉంది. కిటికీలు మూసినా అమీర్‌పేట వైపు వెళ్ళే మెట్రో చప్పుడు సన్నగా వినిపిస్తోంది. గది నిండా కరిగిన వెన్న వాసన, వెనీలా వాసన. పాత ఫోన్ స్టాండుకి బిగించి లైవ్ మొదలుపెట్టింది.

కాసేపటికే పక్కన పెట్టిన రెండో ఫోన్ మోగింది. కింది ఫ్లాట్ సీతాబాయి, వీడియో కాల్. ఒంటరి మనిషి. మందులకీ గ్యాస్ బుకింగుకీ అన్నిటికీ సిల్వియానే పిలుస్తుంది. వాడుకోమని తన వైఫై కూడా సిల్వియానే ఇచ్చింది.

లైవ్‌లో మైకు ఆపి, ఫోన్ ఎత్తింది. తెరంతా నలుపు.

“బిడ్డా... జర కిందికి రా.”

“ఆంటీ, నెట్ సరిగ్గా లేదు. మీ మాట వినిపించట్లేదు.”

ప్రతి మాటా స్పష్టంగానే వినిపించింది. అయినా కట్ చేసి, లైవ్‌లో మైకు మళ్ళీ ఆన్ చేసింది.

ఆ వెంటనే లైవ్ ఆగిపోయింది. నోరు తెరిచిన తన మొహం తెర మీద అలాగే బిగుసుకుపోయింది. “గుండ్రంగా తిరుగుతూనే ఉంది”, “గొంతు రావట్లేదు” అంటూ కామెంట్లు. రూటర్ ఆపి మళ్ళీ వేసింది. స్టాండు రూటర్ పక్కకి జరిపింది. వీడియో క్వాలిటీ తగ్గించింది. బొమ్మ కదల్లేదు.

నెట్ కనెక్షన్ ఇచ్చిన ప్రమోద్‌కి ఫోన్ చేసింది.

“లైన్ బరాబర్ ఉంది మేడం. లైవ్‌కి కావాల్సింది అప్‌లోడ్. అదంతా వేరే ఫోన్ గుంజుతున్నట్టుంది. రూటర్ యాప్‌ల చూడండి.”

చూసింది. సీతాబాయి ఫోన్.

“వీడియో కాల్‌ల ఉన్నట్టున్నరు. జర ఆపమని చెప్పండి.”

“కిందికెళ్ళే టైం లేదు భయ్యా.”

“అట్లయితే బ్లాక్ కొట్టండి.”

సిల్వియా వేలు ఒక్క క్షణం ఆగింది. కొట్టేసింది.

బొమ్మ కదిలింది. అద్దంలా వస్తోందని అందరూ మెచ్చుకున్నారు.

కానీ గదిలో వెనీలా వాసన పోయింది. ఆరని బట్టల వాసన... దాని కింద ఇంకేదో. వెనక చిన్న చప్పుడు. ఎండిన నాలుక అంగిలికి అతుక్కుని విడివడినట్టు.

మళ్ళీ...

తిరిగి చూసింది. ఎవరూ లేరు.

నవ్వు మొహంతో క్రీం రాసింది. వెనక్కి మాత్రం మళ్ళీ చూడలేదు.

లైవ్ అయ్యాక, మనసు పీకుతుంటే, ఒక కేకు ముక్క ప్లేట్లో పెట్టుకుని కిందికి దిగింది. ఎంత తట్టినా తలుపు తీయలేదు. వాచ్‌మన్ బుచ్చయ్య వచ్చి గడియ విరగ్గొట్టాడు.

సీతాబాయి వంటింటి గడప దగ్గర పడి ఉంది. చేతిలో ఫోన్. పెదవులు పగిలిపోయి ఉన్నాయి.

వచ్చిన డాక్టరు చెయ్యి పట్టి చూసి, మెల్లగా అన్నాడు. “నిన్న రాత్రే పోయింది.”

నిన్న రాత్రి... మరి ఆ గొంతు?

సాయంత్రానికి సీతాబాయి కూతురు హైందవి వచ్చింది. ఏడుస్తూనే అడిగింది. “అక్కా, అమ్మ నీకు ఫోన్ సుత చేయలేదా?”

“లేదమ్మా. పొద్దుటి నుంచి మాకు నెట్ లేదు.”

హైందవి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. “మా అమ్మను ఇన్ని రోజులు నువ్వే చూసుకున్నవు అక్కా.” సిల్వియా తల ఎత్తలేకపోయింది. ఆ చేతుల్లోంచి తన చేతులు లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

ఇంటికొచ్చి, ఆ లైవ్ వీడియో తీసేద్దామని తెరిచింది. బ్లాక్ కొట్టిన తరవాతి భాగం పెట్టి చూసింది. తను, కేకు, వెనక ఖాళీ గోడ. ఇంకెవరూ లేరు.

కింద, అప్పుడు చదవని కామెంటు ఒకటి ఉంది.

“కేకు తరవాత చేద్దురు గానీ మేడం. ముందు ఆ పెద్దావిడకి కాసిన్ని నీళ్ళివ్వండి. మీ కొంగు పట్టుకుని ఇందాకటి నుంచీ అడుగుతోంది.”